ఆరిళ్లు తిరిగిన కుర్చీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ లోకంలో ఉండేది కాదు. పీయూసీ ఎలాగో గట్టెక్కి, మొదటి జీతంతో నీలిరంగు టెరిలిన్ ప్యాంటు కుట్టించుకున్న పద్దెనిమిదేళ్లవాడికి ఇంకేం తెలియాలి? ఆ ప్యాంటు వేసుకుని బీదర్‌లో చౌబారా బురుజు ముందు నుంచి నడిచిపోతుంటే ఊరంతా నన్నే చూస్తోందని గట్టిగా నమ్మేవాణ్ణి. (ఒకరోజు నిజంగానే చూసింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.) మా రాష్ట్రాన్ని అప్పటికింకా మైసూరు అనే పిలిచేవారు. కచేరీలో కన్నడం, బజార్లో ఉర్దూ, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ, మూడింటిలోనూ తప్పులు చేస్తూ బతికేవాళ్లం. మా నాన్నకు ఉస్మాన్‌గంజ్‌లో కిరాణా దుకాణం. దుకాణంలో నేను కూర్చుంటే బేరాలు పోతున్నాయని తేలిన తర్వాత, ఆయన తనకు తెలిసినవాళ్లను అడిగి మిషన్ బడిలో నాకు గుమాస్తా పని ఇప్పించాడు. మా అమ్మ మాత్రం మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. చివరికి, "పని చేస్తే చేసినవు గని బిడ్డా, ఆళ్ల ఇండ్లల్ల నీళ్లు మాత్రం తాగకు" అని ఒక షరతు పెట్టి పంపింది. నేను సరేనన్నాను. ఎంత సులువుగా సరేనన్నానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు ముడుచుకుపోతుంది.

ఆ బడిలో పెద్దలందరికీ పెద్ద మా హెడ్మిస్ట్రెస్. జహీరాబాద్ వైపు తెలుగు క్రైస్తవురాలు. అందరూ పెద్ద టీచరమ్మ అనేవారు. తెల్లచీర, చేతిలో ఎప్పుడూ ఒక గొడుగు. ఎండకూ వానకూ ఆమె దాన్ని విప్పగా నేను చూడలేదు, గేటు దగ్గర ఆలస్యంగా వచ్చేవాళ్లను ఆపడానికే వాడేది. బడికి ఫీజు ఉండేది. కట్టలేని ఇళ్ల పిల్లలకు మాఫీ ఉండేది. ఆ మాఫీ ఎక్కడి నుంచి వచ్చేదో చెప్తాను. చర్చికి వచ్చే ఆడవాళ్లు రోజూ పొయ్యి వెలిగించేటప్పుడు వండబోయే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో పోసేవారు. అది దేవుని భాగం. ఆదివారం ఆ పిడికిళ్లన్నీ చర్చిలో ఒక్క చోట కలిసేవి. అలా పోగైనవి అమ్మగా వచ్చినదే పిల్లల చదువుకు పోయేది. జొన్నలు, బియ్యం, కందులు కలగలిసిన ఆ మూటను కొనేది మా దుకాణమే. చిన్నప్పుడు నేను వాటిని జల్లెడ పట్టలేక, ఈ కిచిడీ గింజలు ఎవరు పంపుతారు నాన్నా అని విసుక్కునేవాణ్ణి. ఎవరు పంపుతారో తెలుసుకోవాలని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

నేను చేరిన ఏడాది జూన్‌లో ఒకే గల్లీ నుంచి మాఫీకి ఆరు అర్జీలు వచ్చాయి. మాఫీ దొరికితే పిల్ల బడిలో ఉంటుంది, లేకపోతే నెల తిరిగేసరికి పేరు కొట్టేస్తారు. సర్కారు బడి లేకపోలేదు, కానీ అక్కడ అంతా కన్నడమో ఉర్దూనో. ఏడో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల అక్కడికి పోతే మళ్లీ అక్షరాల దగ్గర మొదలుపెట్టాలి. అంటే పొలానికో కూలికో పోవడమే. పెద్ద టీచరమ్మ నన్ను పిలిచి ఆరు కాగితాలూ చేతిలో పెట్టింది. "నువ్వు పోయి సూసి రా బాబూ. ఏం అడగకు. అడిగితే లేదని చెప్పుటానికి ఆళ్లకు నోరు రాదు. ఊరికె జరసేపు కూసోని, మాట్లాడి రా" అంది. ఆ మర్నాడే ఆమె మిషన్ మీటింగులకు హైదరాబాద్ వెళ్లి, నెల దాటినా అక్కడే ఉండిపోయింది.

ఊరికే కూర్చుని రావడానికి టెరిలిన్ ప్యాంటు ఎందుకు? నేను రాత్రంతా ఆలోచించి ఒక పద్ధతి తయారు చేశాను. గీతలు కొట్టి, కాలమ్‌లు వేసి, ఎర్రసిరాతో శీర్షికలు పెట్టాను. ఇంట్లో కుర్చీ ఉంటే ఐదు మార్కులు. స్టీలు గ్లాసుంటే మూడు. చాయ్‌లో చక్కెర దండిగా ఉంటే రెండు. పదికి పది వస్తే 'ఉన్నవాళ్లు', ఐదు దాటితే 'పర్వాలేదు', ఏమీ రాకపోతే 'లేనివాళ్లు'. (చాయ్ విషయంలో అమ్మ షరతు అడ్డు వస్తుందేమోనని కొంత మథనపడి, నీళ్లు వేరు, ఉడికిన నీళ్లు వేరు అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.) ఇంత పకడ్బందీ పద్ధతి బీదర్ జిల్లాలో ఇంకెవరికీ తట్టలేదని మురిసిపోయాను కూడా.

మొదటి ఇల్లు జట్కా అతనిది. ఇల్లంటే ఒక్కటే గది, పక్కన గుర్రం. ఆ గదిలో నడిమధ్య నల్లటి చేతుల కుర్చీ ఒకటి రాజులా కూర్చుని ఉంది. "కూసోండ్రి సార్, కూసోండ్రి" అని జట్కా అతను తన తువ్వాలుతో దాన్ని రెండుసార్లు తుడిచాడు. ఏడో తరగతి చదివే అతని కొడుకు పువ్వు చెక్కిన తళతళలాడే స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చి ఇచ్చాడు. తాగాను. చక్కెర పాకంలా ఉంది. పదికి పది. కాగితం మీద గీటు పెట్టి ఠీవిగా లేచాను. వెనకాల చర్రుమంది. కుర్చీలో ఎక్కడో ఒక మేకు లేచి ఉన్నట్టుంది (మా వైపు దాన్ని మొల అంటారు), అది నా టెరిలిన్‌ను బెత్తెడు మేర చీల్చింది. ఎక్కడ చీల్చిందో వివరించను, అర్థం చేసుకోండి. నేను ఫైలును వెనక్కి పెట్టుకుని, గోడవైపు వీపు తిప్పి, వెనక్కి వెనక్కి నడుస్తూ గడప దాటాను. అది ఆఫీసు మర్యాద అనుకున్నాడో ఏమో, జట్కా అతను కూడా వంగి వంగి సలాం పెట్టాడు.

ఇంటికి పోయి ప్యాంటు మార్చుకుని రావచ్చు కదా అంటారు. రావచ్చు. కానీ ఇంటికి పోవాలంటే బజారంతా దాటాలి. అందుకే ఆ గల్లీలోనే గోడల వెంట జరుగుతూ మిగిలిన ఇళ్లు పూర్తి చేద్దామనుకున్నాను. రెండో ఇంటి గడప దగ్గర, "జర ఆగుండ్రి సార్, లోపల ఊడుస్తున్నం" అన్నారు. ఆగాను. లోపలికి వెళ్తే నల్లటి చేతుల కుర్చీ! మూడో ఇంట్లోనూ జర ఆగమన్నారు, అక్కడా ఊడుస్తున్నారట. ఎంత శుభ్రమైన మనుషులు అనుకున్నాను. లోపల మళ్లీ నల్లటి కుర్చీ, అదే పువ్వు చెక్కిన స్టీలు గ్లాసు, అదే పాకం చాయ్. నాలుగో ఇంట్లోనూ అంతే. ఇప్పుడు మీకందరికీ అర్థమైపోయింది కదా? నాకు కాలేదు. గల్లీ మొత్తానికి ఒకే వడ్రంగి పనిచేసి ఉంటాడని నాకు నేను సమాధానం చెప్పుకున్నాను. నా బుద్ధంతా వెనకాల ఉన్న ఫైలు మీదే ఉంది. కుర్చీ అంచున పిచ్చుకలా కూర్చోవడం, చాయ్ గటగటా తాగడం, పదికి పది వేయడం, వెనక్కి నడవడం. ఇంటి మనుషుల ముఖాలు చూసిన గుర్తే లేదు.

ఐదో ఇల్లు బొంతలు కుట్టే అవ్వది. పాత చీరలు పొరలు పొరలుగా వేసి ఆమె కుట్టే బొంతలకు ఊళ్లో మంచి పేరు. తల్లీతండ్రీ లేని మనవరాలిని ఆమే సాకుతోంది. ఆ పిల్ల మా బడిలో ఏడో తరగతి. ప్రార్థనలో అందరికంటే గట్టిగా పాడేది. నేను వెళ్లేసరికి ఆ పిల్ల చెమటలు కక్కుతూ రొప్పుతోంది. నేను ఫైలు వెనక పెట్టుకునే కుర్చీ పక్కన నిలబడి రాసుకోబోయాను. "నిలవడి రాస్తవేంది బిడ్డా, కూసో" అంది అవ్వ. ఫైలు కాస్త జరిగినట్టుంది, ఆమె కళ్లు నా వెనక్కి ఒక్క క్షణం పోయి వచ్చాయి. వెంటనే గడప దగ్గర గుమిగూడిన పిల్లల మీద విరుచుకుపడింది. "ఏం తమాష ఉన్నదని నిలవడ్డరు? పోండ్రి ఈన్నుంచి!" అధికారి అంటే ఈ అవ్వకు ఎంత గౌరవమో అని నేను పొంగిపోయాను. పొంగిపోయి, పదికి పది వేశాను.

చివరిది కంపౌండర్ మామ ఇల్లు. మిషన్ ఆసుపత్రిలో మందులు కలిపేవాడు, గల్లీలో నెల జీతం వచ్చేది ఆయనకొక్కడికే. మనవడి కోసం ఉంటే మంచిదే కదా అని ఆయనా ఒక అర్జీ పడేశాడు. లోపలికి వెళ్తే కూర్చోవడానికి ఏమీ లేదు. ఆయన గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు. పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. మూతివిరిగిన కప్పులో చాయ్ ఇచ్చారు, చక్కెర లేదు. స్టీలు అన్న మాటే లేదు. నా గుండె కరిగిపోయింది. 'లేనివాళ్లు' అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

పెద్ద టీచరమ్మ ఊళ్లో లేదు కనుక నా కాగితం కమిటీ ముందుకు పోయింది. ఎర్రసిరా శీర్షికలు చూసి కమిటీవాళ్లు తలలూపారు. కంపౌండర్ మామ మనవడికి పూర్తి మాఫీ. మిగిలిన ఐదు ఇళ్లకూ 'మీ స్థితి బాగున్నందువల్ల' అని మొదలయ్యే ఉత్తరాలు. ఆ ఐదూ నా చేత్తోనే, నా ముత్యాల్లాంటి దస్తూరితోనే రాశాను. నెల గడిచింది. రిజిస్టరులో ఐదు పేర్ల మీద గీతలు కొట్టిందీ నేనే. పొద్దున ప్రార్థనలో పాట పలచబడింది. అయినా నాకు ఏమీ తట్టలేదు.

ఏదో సంతకం కోసం ఒక సాయంత్రం కంపౌండర్ మామ ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. "రా రా, కూసో" అని ఆయన చూపించినది నల్లటి చేతుల కుర్చీ. కూర్చోబోతూ చూశాను. అంచున ఒక మేకు లేచి ఉంది. ఆ మేకుకు చిన్న నీలి పీలిక ఒకటి వేలాడుతోంది. నా టెరిలిన్‌ను నేను గుర్తుపట్టలేనా! కంపౌండర్ మామ నవ్వాపుకోలేకపోయాడు. "గా కుర్చీ నాదే బాబూ. ఆ దినం ఎనక గల్లీలకెల్లి జట్కాయన కొడుకు నెత్తిన పెట్టుకోని ఇల్లిల్లు తిప్పిండు. అవ్వ ఇంటికైతే ఆ పిల్ల గుడ ఒక చెయ్యి ఏసింది. సావుకారు కొడుకొస్తుండు, కింద కూసోవెడ్తమా అని. గిలాస నాదే, శక్కెర గుడ నాదే. నా ఇంటికి నువ్వొచ్చేటాలకు అన్నీ ఆళ్ల ఇండ్లల్లనే ఉండె!" అని కళ్లు తుడుచుకున్నాడు. కాసేపటికి ఆయన నవ్వు దానంతటదే ఆగిపోయింది. "గని బాబూ, ఆ మాఫీ నేను తీస్కునుడు మంచిగ లేదు. పెద్ద టీచరమ్మ రాంగనే చెప్త అనుకున్న" అన్నాడు. నేను కుర్చీలో కూర్చోలేదు.

పెద్ద టీచరమ్మ ఆ మర్నాడే తిరిగొచ్చింది. నేను వెళ్లి అంతా చెప్పాను. ప్యాంటు సంగతి తప్ప. ఆమె నా కాగితాన్ని ఎర్రసిరా శీర్షికలతో సహా చాలాసేపు చూసింది. "సామాన్లు సూడమన్ననా నిన్ను? మనుషులను సూసి రమ్మంటి" అంది. గొంతు పెంచలేదు, పెంచితే బాగుండుననిపించింది. తర్వాత గొడుగు చేతికి తీసుకుంది. "నలుగురి ఇండ్లకు నేను పోత. బొంతల అవ్వ పిల్లను తీస్కోని కుశనూర్ల తమ్ముని ఇంటికి పోయిందట. ఆడికి నువ్వు పో. ఆ పిల్లను తోలుకరా. తోలుకరాకుంటే నువ్వు కూసునే కుర్చీ గుడ ఖాళీ చెయ్యి."

ఆదివారం పొద్దున్నే ఔరాద్ బస్సెక్కి, అక్కడి నుంచి కుశనూర్‌కు నడిచాను. అదే నీలి ప్యాంటు. (ఉన్నదే అది. ఇంట్లో చెప్పుకోలేక, చీకటి గదిలో నేనే గులాబీ దారంతో కుట్టుకున్నాను, చేతికి దొరికిన దారం అదే.) దారి పొడుగునా పెసర చేలు. ఒక చేలో వంగి కలుపు తీస్తున్నవాళ్ల మధ్య ఆ పిల్ల కనబడింది. బడిలో పుస్తకం పట్టుకున్న చేతిలో ఇప్పుడు కొడవలి ఉంది. నన్ను చూసి అది పారేసి ఇంటికి పరుగెత్తింది. నేను వెనకే వెళ్లేసరికి అవ్వ గడపలో నిలబడి, "ఉరుకవే, పటేలింట్ల కుర్చీ అడుగుపో" అని పిల్లను తొందరపెడుతోంది.

"కుర్చీ వద్దవ్వా" అన్నాను. నేల మీద కూర్చున్నాను. "నీళ్లియ్యి. మీ కుండల నీళ్లే."

అవ్వ కదల్లేదు. "మా కుండల నీళ్లా? మీ అమ్మ ఏమంటదో బిడ్డా" అంది. అంటే ఆమెకు తెలుసు. గల్లీ అందరికీ తెలుసు. ఆ స్టీలు గ్లాసు, ఆ పాకం చాయ్, అన్నీ నా కోసం కాదు, నా వెనకాల ఉన్న మా అమ్మ షరతు కోసం. సిగ్గు అనే మాట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అది ఎలా ఉంటుందో ఆ క్షణాన తెలిసింది. నేను లేవకపోయేసరికి అవ్వ మట్టి ముంతతో నీళ్లు తెచ్చింది. రెండు ముంతలు తాగాను.

"మీకు లేదని నాకొక్క మాట చెప్తే అయిపోవు గదవ్వా" అన్నాను, నా తప్పులో కొంత ఆమె మీదికి తోయడానికి.

"ఇంటికొచ్చినోనికి కూసునేతందుకు పీట లేదని ఎట్ల చెప్తరు బిడ్డా? నీ ప్యాంటు చినిగిందని నువ్వు మాకు చెప్పినవా?"

ఆ పిల్ల చున్నీ కొస నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటోంది. "గల్లీ అంతకు ఎరుకే సార్! మీరు ఎనకకెనకకు నడుస్తుంటే మేమందరం చూసినం. నవ్వితే నాలుక కోస్తనన్నది అవ్వ. ఎవ్వరం నవ్వలే" అంది. ఆ రోజు గల్లీ పిల్లలు గడప దగ్గర గుమిగూడినప్పుడు ఆమె కసిరింది అధికారి మీద గౌరవంతో కాదు, నా పరువు కోసం. నా పరువును గల్లీ మొత్తం కలిసి కప్పింది. వాళ్ల పరువుకు నేను పదికి పది వేసి పేర్లు కొట్టేశాను.

అవ్వ గులాబీ కుట్లు చూసి ముఖం చిట్లించింది. బొంత ఒకటి నా మీద పడేసి, "తియ్యి" అంది. బొంత చుట్టుకుని మూల కూర్చున్నాను. ఆమె నా కుట్లన్నీ పళ్లతో తెంపి, నీలి దారం వెతికి, కుట్టడం మొదలుపెట్టింది. పొయ్యి పక్కన చిన్న కుండ ఒకటి ఉంది, మూతి మీద గుడ్డ. ఏమిటని అడిగాను. "అది దేవునిది సార్. ఈడ చర్చి లేదు గని, బీదర్ పోయినప్పుడు ఇస్తమని అవ్వ రోజు ఎత్తిపెడ్తున్నది" అంది పిల్ల. గుడ్డ తీసి చూశాను. జొన్నలు, నాలుగు కందులు, కొంచెం నూక. నాకు బాగా తెలిసిన కిచిడీ గింజలే. ఎవరి పిడికిలితో వచ్చిన మాఫీని ఎవరికి లేదన్నానో అప్పుడు తెలిసింది. బొంత ముఖం మీదికి లాక్కున్నాను. అవ్వ సూది ఆపకుండానే, "మబ్బుల, పొద్దు పొడవక ముందే, బస్సుంది ఔరాద్‌కెల్లి. రేపు తీస్కొస్త పిల్లను. ఏడ్వకు" అంది.

మరునాడు తీసుకొచ్చింది. మాఫీ దొరికింది. ఆ పిల్ల పాట ప్రార్థనలోకి తిరిగొచ్చింది. పెద్ద టీచరమ్మ తిరిగిన ఇళ్లలోనూ ముగ్గురు పిల్లలు వెనక్కి వచ్చారు. జట్కా అతని కొడుకు మాత్రం రాలేదు. ఆ నెలలోనే తండ్రికి దగ్గు ముదిరి మంచం పట్టడంతో వాడు కళ్లెం పట్టుకున్నాడు. పెద్ద టీచరమ్మ రెండుసార్లు పోయింది. నేను నాలుగుసార్లు పోయాను. చివరిసారి వాడు గుర్రం మెడ నిమురుతూ, "ఇప్పుడు ఇది నాకు మరిగింది సార్" అని మాత్రం అన్నాడు. ఉత్తరం రాసిన నెల రోజులు నేను కళ్లు తెరిచి ఉంటే వాడు బడిలో ఉండేవాడు. ఈ కథ ఎవరికి చెప్పినా ప్యాంటు దగ్గర నవ్వుతారు, నేనూ నవ్విస్తాను. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట మార్చేస్తూ వచ్చాను. ఇవాళ మార్చడం లేదు.

చాలా ఏళ్ల తర్వాత, రాష్ట్రం కర్ణాటక అయింది, నేను హెడ్ క్లర్కునయ్యాను. బసవకళ్యాణ్‌లో ఒక పెళ్లికి పోయి వచ్చి, బస్టాండులో దిగి జట్కా ఎక్కబోయాను. మీసాలు పెంచిన బండతను నన్ను చూసి నవ్వాడు. "బేఫికర్ కూసోండ్రి సార్. నా బండ్ల మొలలు లెవ్వు."

కూర్చున్నాను. గుర్రం నాలుగు అడుగులు వేశాక అతనే అన్నాడు. "నా బిడ్డను మీ బడిల ఏస్తున్న సార్ ఈ సాల్. మాఫీకి అర్జీ పెట్టిన. సూడనీకి ఎవరొస్తరో గని, ఈసారి కుర్చీ తేను."

"నేనే వస్తాను. చాప కూడా వెయ్యకు" అన్నాను.

ఇంటి ముందు బండి ఆగింది. ఆ టెరిలిన్ ప్యాంటు చిరిగి పీలికలై ఎన్నేళ్లయిందో (అవ్వ కుట్టిన చోట మాత్రం చివరిదాకా చిరగలేదు), అయినా ఎక్కడ కూర్చుని లేచినా నా చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది. జట్కా దిగుతుంటే అప్పుడూ పోయింది. అతను చూశాడు. చూడనట్టు, గుర్రం జూలు సర్దుకుంటూ అటు తిరిగాడు.